నల్లరేగడి గొంతుకలు – 5వ భాగం: ఉపదేశి ఇంటి పాట

గత భాగాన్ని గుండ్లకమ్మ ఒడ్డున ఆపాం. 1876–78 నాటి ధాత కరువు ఒంగోలు సీమను పీల్చి పిప్పి చేసింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. గంజి కోసం మతంలో కలుస్తున్నారన్న మాట రాకూడదని కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు నిలిపేశాడు. ఆ కట్టు తెగాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది గుండ్లకమ్మ నీళ్లలోకి దిగారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. అంతకు 36 ఏళ్ల ముందే, 1842 జూలై 31న, లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన సంగతి మూడో భాగంలో చెప్పుకున్నాం. గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ. ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువ.

ఏటి ఒడ్డున జరిగిన ఆ ఘట్టాన్ని చాలామంది రాశారు. మర్నాటి సంగతి రాసినవాళ్లు తక్కువ. వేలమంది వందల పల్లెలకు తిరిగి వెళ్లిపోయారు. మిషనరీ దొరలు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. పల్లెల్లో చదువు వచ్చినవాడు దాదాపు లేడు. అచ్చయిన బైబిలు ఉన్నా చదివేదెవరు? ఈ కొత్త మతం ఆ పల్లెల్లో నిలబడిందంటే పుస్తకం వల్ల కాదు, పాట వల్ల. ఆ పాటను మోసింది ఉపదేశి కుటుంబం. ఈ భాగం ఆ కుటుంబం గురించి.

గుడిసె బడి

ఉపదేశి అంటే మిషన్ ఇచ్చే కొద్దిపాటి జీతం మీద పల్లెలో ఉంటూ పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పెద్దలకు వాక్యం చెప్పే మనిషి. ఊరికి ఎడంగా ఉండే మాల, మాదిగ పల్లె మధ్యలో మట్టిగోడలు, తాటాకు కప్పు. అదే బడి, అదే గుడి, చాలాచోట్ల పక్కనే అతని కాపురం. ఎక్కువమంది ఉపదేశులు ఆ పల్లెల్లో పుట్టి, మిషన్ బోర్డింగు బడిలో నాలుగు ముక్కలు నేర్చుకుని తిరిగి వచ్చినవాళ్లే.

పత్తి తీసే రోజుల్లో, మిరపకాయ కోతల రోజుల్లో పగలు పల్లె ఖాళీ. పసిపిల్లలూ ముసలివాళ్లూ తప్ప అందరూ చేలోనే ఉంటారు. కాబట్టి ఆ రోజుల్లో బడికి వేళ రాత్రే. ఒళ్లు అలిసిపోయి, చేతులు మిరప ఘాటుకు మండుతూ, కళ్లు మూతలు పడుతున్న మనుషులను కూర్చోబెట్టి ప్రసంగం చెబితే ఎవరు వింటారు? పాట ఎత్తుకుంటే మాత్రం కూర్చుంటారు. ఉపదేశి ఒక చరణం అంటాడు, జనం తిరిగి అంటారు. మళ్లీ అంటాడు, మళ్లీ అంటారు. ఇలా నాలుగు రాత్రులు గడిస్తే అక్షరం రానివాడికి కూడా మొత్తం కీర్తన నోటికి వచ్చేస్తుంది. సృష్టి కథ, తప్పిపోయిన కుమారుడి కథ, సిలువ కథ అన్నీ ఈ దారినే పల్లె నోట పడ్డాయి.

ఈ పద్ధతి దొరలు నేర్పింది కాదు. ముందు పాడేవాడు ఒకడు, వంత పాడేవాళ్లు అందరూ అనే తీరు ఇక్కడి భజనలో, తత్వాల్లో అప్పటికే ఉంది. ఒంగోలు సీమలో తొలి మాదిగ క్రైస్తవ నాయకుడు ఎర్రగుంట్ల పేరయ్యనే చూడండి. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లి అక్కడ ఈ కొత్త బోధ విన్నాడు. అంతకు ముందే గురువుల దగ్గర యోగ మార్గం నేర్చుకున్నవాడు. అతని చుట్టూ చేరిన జనానికి గురువు కాళ్ల దగ్గర కూర్చుని పాట రూపంలో తత్వం వినడం పాత అలవాటే. బోధ మారింది గానీ, వినే తీరు మారలేదు.

రెండు వరుసల పోటీ

ఇక్కడే ఒక పోరు మొదలైంది. కత్తులు లేని పోరే గానీ చాలాకాలం నడిచింది.

దొరలకు తమ దేశపు పాటల మీద ప్రేమ ఉండడం సహజం. చర్చి అంటే ఆర్గన్, నాలుగు గొంతుల కాయిర్, చేతిలో పాటల పుస్తకం. ఆ పాటలను తెలుగు చేయించి పాత వరుసలోనే పాడించారు. మిషన్ కాంపౌండులో చదువుకున్న పిల్లలు చక్కగానే పాడేవారు. పల్లెకు వచ్చేసరికి చిక్కు వచ్చి పడింది. ఇంగ్లీషు పాట నడక మాటలో ఊనిక ఎక్కడ పడుతుందన్న దాని మీద ఉంటుంది. తెలుగు నడక గురువు, లఘువుల మీద ఉంటుంది. దొర వరుసలో తెలుగు మాట పెడితే దీర్ఘం ఉండాల్సిన చోట కురచ అవుతుంది, పొట్టి అక్షరం సాగుతుంది, మాట నడుమకు విరిగి సగం ఈ పాదంలో, సగం ఆ పాదంలో పడుతుంది. పాడేవాడికి అర్థం జారిపోతుంది. వినేవాడికి అసలే అందదు.

రెండో వైపున ఉన్నది కీర్తన. దానికి దారి వేసినవాడు పురుషోత్తమ చౌదరి (1803–1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, ఉత్తరాంధ్రలో బోధకుడిగా బతుకంతా గడిపాడు. పల్లవి, అనుపల్లవి, చరణం పద్ధతిలో నూరుకు పైగా కీర్తనలు రాశాడు. త్యాగరాజు కాలానికి తెలుగు నోట స్థిరపడిన కట్టడమే ఇది. అతని వెనుక ఎందరో కవులు వచ్చారు. ఆ కీర్తనలన్నీ చేరి పెరిగిన పుస్తకమే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’. ఇవాళ్టికీ ఆ పుస్తకంలో కీర్తన నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి. లూథరన్లు, బాప్టిస్టులు, తక్కిన శాఖలవాళ్లు ఎన్ని విషయాల్లో విడిపోయినా ఈ పుస్తకం దగ్గర కలిశారు.

ఇందులో ఒక గొప్ప సంగతి ఉంది. బ్రాహ్మణ ఇంట పుట్టినవాడు కట్టిన కీర్తన, ఏ గుడి గడపా తొక్కనివ్వని మాలపల్లె, మాదిగపల్లె గొంతుల్లో ఆదివారం పూట మోగింది. గొంతులోకి వచ్చాక పల్లె దాన్ని ఉన్నదున్నట్టు ఉంచలేదు. పుస్తకం నెత్తిన ఏ రాగం ఉన్నా తనకు తెలిసిన వరుసలోకి లాక్కుంది. నిదానంగా నడవాల్సిన దాన్ని చప్పట్ల మీద పరుగెత్తించింది. ఒకే కీర్తన ఒక పల్లెలో ఒక తీరున, పక్క పల్లెలో ఇంకో తీరున వినిపించేది. పోరులో కీర్తనే గెలిచింది. దొర వరుసలు పట్నం చర్చిల్లో, కాలేజీ కాయిర్లలో మిగిలాయి. పల్లె ఆరాధన కీర్తనదైపోయింది.

డప్పు బయట, హార్మోనియం లోపల

గెలుపుతో పాటు ఒక నష్టం కూడా జరిగింది. అది దాచకుండా చెప్పుకోవాలి.

మాదిగపల్లె సొంత వాద్యం డప్పు. కొయ్య చట్రానికి తోలు బిగించి, ఎండుగడ్డి మంట మీద కాచి, కుడిచేత సిర్ర, ఎడమచేత చిటికెన పుల్ల పట్టుకుని వాయిస్తే మైలు దూరం వినబడుతుంది. ఊళ్లో జాతర అయినా, చావు అయినా, చాటింపు అయినా డప్పు లేకుండా జరగదు. ఆ వాయింపు మాదిగలకు ఊరు అంటగట్టిన వెట్టిలో భాగం. క్లౌ కొత్తగా చేరినవాళ్లకు మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పనికి పోరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. మూడో నియమంతో జాతర డప్పు ఆగిపోయింది.

ఊరి పెద్దలకు కోపం వచ్చింది. మాదిగలు చెప్పులు కుట్టాలి, మోటకు తోలు బొక్కెన చేయాలి, పండగకు డప్పు కొట్టాలి. దానికి కళ్లంలో ఇంత మేర గింజలు ఇస్తారు. ఆదివారం రానంటే, డప్పు కొట్టనంటే మేర బంద్. బావి దగ్గరికి రానివ్వలేదు. తప్పుడు కేసులు పెట్టారు. ‘మీ దేవుళ్ల ముందు కొట్టం’ అన్న ఆ ఒక్క మాట కోసం పల్లె చాలా చెల్లించింది. నా దృష్టిలో ఈ సీమలో వెట్టికి ఎదురు తిరిగిన తొలి పోరాటాల్లో ఇది ఒకటి.

అయితే వెట్టిని తోసేసే ఊపులో డప్పును కూడా తోసేశారు. తోలు వాద్యం అంటు, దయ్యాల పూజ వాద్యం అన్న మాట చర్చిలో స్థిరపడింది. తమ చేతులతో చేసిన, తమ తాతలు వాయించిన వాద్యం తమ ఆరాధనలోకి రాకూడదని పల్లె పిల్లలే నమ్మారు. దాని చోట హార్మోనియం వచ్చింది. హార్మోనియం కథ కూడా చిత్రమే. పారిస్‌లో 1840 ప్రాంతంలో పుట్టి, మిషనరీల సామానుతో ఈ దేశం చేరింది. నేల మీద కూర్చుని వాయించే అలవాటుకు తగ్గట్టు కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని చేతితో గాలి కొట్టే పెట్టెగా మార్చాడు. అక్కడి నుంచి నాటక సమాజాల ద్వారా ఊరూరా పాకింది. మెట్లు స్థిరంగా ఉంటాయి కాబట్టి గమకం పలకదని విద్వాంసులు దాన్ని ఈసడించారు, ఆకాశవాణి కూడా చాలా ఏళ్లు బహిష్కరించింది. ఉపదేశికి మాత్రం అది వరమైంది. ఎడమచేత్తో గాలి, కుడిచేత్తో మెట్లు, నోట కీర్తన. తువ్వాలుతో మెడకు తగిలించుకుంటే నడుస్తూ కూడా వాయించవచ్చు.

ఇల్లే జట్టు

గుంటూరు నుంచి తాడికొండ మీదుగా తుళ్లూరు వైపు నడిచే దారిని మనసులో పెట్టుకోండి. రాజధాని రోడ్లు పడ్డ ఈ రోజుల దారి కాదు, వానాకాలంలో కాలు పెడితే చెప్పు ఊడిపోయే రేగడి దారి. ఇలాంటి దారుల్లోనే ఉపదేశి కుటుంబాలు ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకు నడిచాయి. ఇప్పుడు చెప్పబోయేది ఏదో ఒక్క ఇంటి కథ కాదు, ఈ సీమలో ఎన్నో ఇళ్లు బతికిన తీరు.

తండ్రి పాట ఎత్తుకుంటాడు. తల్లి బైబిలు స్త్రీగా పగలు ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు వాక్యం చెబుతుంది, రాత్రి కూడికలో వంత అందుకుంటుంది. పెద్దకొడుకు హార్మోనియం మీద, రెండోవాడు తబలా మీద, లేదంటే కంజీర మీద. ఆడపిల్లల చేతుల్లో తాళాలు. చిన్నది చాప మీద నిద్రపోతూనే పాట నేర్చేసుకుంటుంది. ఇంటి బయటి మనిషికి కూలి ఇచ్చి వాయించుకునే స్తోమత ఆ జీతానికి లేదు. కాబట్టి ఇల్లే జట్టు.

ఇందులో తెలుగువాళ్లకు కొత్తేమీ లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారి ఇంట మొదలైన నాటక సమాజంలో నటులు, వాద్యగాళ్లు, తెరలు లాగేవాళ్లు అందరూ ఒకే కుటుంబం. తాడికొండ దగ్గరి పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకు రాష్ట్రమంతటా పేరు తెచ్చాడు. ఆ కథా పద్ధతి కూడా క్రైస్తవ పల్లెలకు పాకి, క్రిస్మస్ రాత్రుల్లో యోసేపు కథ, ఎస్తేరు కథ తంబురా మీద నడిచాయి.

ఏడాది పొడుగునా ఈ ఇంటికి పని ఉంటుంది. పంట చేతికొచ్చాక కోత పండుగ. పత్తి, మిరపకాయలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు తెచ్చి గుడి ముందు పెడతారు. వాటిని వేలం వేసేటప్పుడు ఒక్కో కానుకకూ ఒక్కో పాట. పెళ్లికి మంగళం, బిడ్డ పుడితే లాలి, చావు ఇంట రాత్రంతా కీర్తనలు. డిసెంబరు చలిలో పెట్రోమాక్సు లైటు పట్టుకుని ఇంటింటి ముందు క్రిస్మస్ పాటలు. చావు ఇంటి పాటలకు ప్రత్యేకమైన విలువ ఉంది. అంతకు ముందు పల్లెలో చావంటే డప్పు, కల్లు, ఏడుపు. ఇప్పుడు తెల్లవార్లూ చాపల మీద కూర్చుని పాడే మనుషులు తోడుగా ఉన్నారు. చాలామందికి ఈ మతం దగ్గరైంది ఆ రాత్రుల వల్లే.

ఆడవాళ్ల పాత్రను మిషన్ నివేదికలు తక్కువ చేసి రాశాయి. గుడిలో పాట ఎత్తేది తండ్రే కావచ్చు, ఆ పాటను చేలోకి తీసుకెళ్లింది తల్లులు. పత్తి తీసే వరసలో ఒకామె అందుకుంటే పక్క సాళ్లలోని వాళ్లు వంత కలిపారు. మతం మారని ఆడకూలీలు కూడా ఆ పాటలు నేర్చుకున్నారు. ఏ బోధకుడూ అడుగుపెట్టలేని చోటికి పాట వెళ్లింది ఇలాగే.

సముద్రానికి అవతల పత్తి చేలు

ఇదే కాలంలో ఈ మిషనరీల స్వదేశంలో, అక్కడి పత్తి నేలల మీద, అచ్చం ఇలాంటి కథే నడిచింది. 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో అక్కడి పత్తి ఆగిపోయి గుంటూరు పత్తికి ధర పెరిగిన వైనం రెండో భాగంలో చూశాం. పత్తి కలిపిన ఆ రెండు సీమలనూ పాట కూడా కలిపి చూపిస్తుంది.

అమెరికా దక్షిణాదిన నల్లవాళ్ల చర్చిల్లో పెద్ద ఒకడు చరణం చెబితే సంఘం తిరిగి పాడేది. కారణం ఇక్కడిదే: చేతుల్లో పుస్తకాలు లేవు, చదువును దగ్గరికి రానివ్వలేదు. కొండ ప్రాంతపు పేద తెల్లవాళ్లు ఊరూరా తిరిగే పాటల బడుల్లో నేర్చుకునేవారు. ఆ నేల నుంచే కుటుంబ బృందాలు పుట్టాయి. 1927 ఆగస్టు 1న వర్జీనియా కొండల నుంచి ఎ.పి. కార్టర్, అతని భార్య సారా, మరదలు మేబెల్ బ్రిస్టల్ పట్నానికి వచ్చి రాల్ఫ్ పీర్ అనే రికార్డుల కంపెనీ మనిషి ముందు పాడారు. కంట్రీ సంగీత చరిత్రకు ఆ రోజును గట్టి మలుపుగా చెబుతారు. వాళ్ల పాటల్లో భక్తి పాటలకు పెద్ద చోటుంది. ఎ.పి. కార్టర్ పల్లెపల్లెకు తిరిగి పాటలు పోగు చేసేటప్పుడు వరుసలను గుర్తుపెట్టుకుని అందించినవాడు లెస్లీ రిడిల్ అనే నల్ల గిటారిస్టు. పేరు మాత్రం కార్టర్ కుటుంబానికి దక్కింది.

టెక్సాస్‌లో 1935లో ఇంకో కార్టర్ కుటుంబం, ఇంట్లో పిల్లకు జబ్బు చేసి మందులకు డబ్బు కావలసి వచ్చి, లబ్బక్ రేడియో కేంద్రంలో పాడడం మొదలుపెట్టింది. తండ్రి, కొడుకు, ఇద్దరు కూతుళ్లు. వాళ్లే ‘చక్ వాగన్ గ్యాంగ్’ పేరుతో దశాబ్దాలపాటు సువార్త పాటలు వినిపించారు. మిసిసిపీ పత్తి తోటలో పెరిగిన రోబక్ స్టేపుల్స్ షికాగోకు వలస వెళ్లి, 1948 నుంచి తన పిల్లలతో కలిసి చర్చిల్లో పాడాడు. అదే ‘స్టేపుల్ సింగర్స్’.

ఇక్కడా అక్కడా కుటుంబమే ఎందుకు బృందం అయింది? పత్తి సాగు తీరును చూస్తే జవాబు దొరుకుతుంది. పత్తి తీతకు ఇంటిల్లిపాదీ చేలోకి దిగాలి. తల్లి, తండ్రి, ఎదిగీ ఎదగని పిల్లలు ఒకే సాలులో వంగి పనిచేయాలి. పేదవాడి చేతిలో సంఘం లేదు, డబ్బు లేదు, నేర్పే గురువు లేడు. ఉన్నదల్లా ఇల్లు ఒక్కటే. పనిలో ఏకమైన ఇల్లే పాటలోనూ ఏకమైంది.

తేడా ఒక్కచోట ఉంది. కార్టర్ కుటుంబం ముందుకు మైకు వచ్చింది, పాటకు ఇంతని డబ్బు ఇచ్చారు, రికార్డు మీద పేరు వేశారు. బ్రిస్టల్‌లో వాళ్లు పాడిన ఆ 1927లోనే గుంటూరు సీమ లూథరన్ సంఘాలన్నీ కలిసి ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా ఏర్పడ్డాయి. అప్పటికి మన ఉపదేశి కుటుంబాలు రెండు తరాలుగా పాడుతున్నాయి. వాళ్ల ముందుకు ఏ మైకూ రాలేదు. కీర్తన రాసిన కవుల పేర్లు పుస్తకంలో నిలిచాయి. ఆ కీర్తనకు ఊపిరి పోసి రేగడి దారుల్లో మోసిన ఇళ్ల పేర్లు ఎక్కడా అచ్చు కాలేదు.

తెలుగు సంగీత చరిత్ర రాసినవాళ్లు ఆస్థానాలను, అగ్రహారాలను, నాటక సమాజాలను పట్టించుకున్నారు. మాలపల్లె, మాదిగపల్లె గుడిసె బడిలో వందేళ్లకు పైగా ప్రతి రాత్రీ సాగిన సాధనను సంగీతంగా లెక్కలోకి తీసుకోలేదు. కీర్తన కట్టడాన్ని అక్షరం రాని జనం సొంతం చేసుకున్న ఇంత పెద్ద ఉదాహరణ తెలుగునాట మరొకటి చూపించడం కష్టం. దీన్ని మిషనరీల ఖాతాలో వేయడం కూడా అన్యాయమే. దొరలు బడి పెట్టారు, పుస్తకం అచ్చు వేశారు. పాటను నిలబెట్టింది ఈ నేల మీది కుటుంబాలు.

వచ్చే భాగంలో రేడియో పల్లెకు వస్తుంది. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలవడం, సీషెల్స్ దీవుల నుంచి షార్ట్‌వేవ్‌లో తెలుగు సువార్త పాటలు వినబడడం, 1938లో బైబిల్ మిషన్ స్థాపించిన ముంగమూరి దేవదాసు పాటలు, నావ పాటతో ఇంటింటికీ చేరిన ఎ.బి. మాసిలామణి, ఆపైన కేసెట్ల కాలం. వాటితో పాటు ఇంకో పెద్ద మలుపు కూడా ఉంది. 1985లో కారంచేడు దళితుల ఊచకోత తర్వాత, 1994లో ఈదుమూడిలో మాదిగల దండోరా ఉద్యమం పుట్టాక, చర్చి గడప బయట వదిలేసిన డప్పు తల ఎత్తుకుని తిరిగి వచ్చింది. ఆ రాకను చర్చి ఎలా చూసిందో, పాట ఎలా మారిందో అక్కడ చెప్పుకుందాం.

ఈలోగా పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంట్లో తాతలనాటి చేతిరాత పాటల పుస్తకం ఉంటే పారేయకండి. మీ పల్లెలో కీర్తనలు ఏ వరుసలో పాడేవారో తెలిసిన పెద్దలు ఇంకా ఉంటే, వాళ్ల చేత పాడించి ఫోనులో రికార్డు చేసి పెట్టండి. ఆ ఉపదేశి పేరు, ఆయన భార్య పేరు, పల్లె పేరు కూడా రాసి పెట్టండి. ఈ చరిత్రకు ఆధారాలు ఇకపై దొరికేది మీ ఇళ్లలోనే.